రెండేళ్లంటే తొంభై రెండు వారాలు

పాఠం 16: నిత్యవ్యవహారంలో తెలుగు

ఈ పాఠం ఎందుకు?

కిందటి పాఠంలో బ్యాంకు నోటీసును చదివి అర్థం చేసుకోవడం నేర్చుకున్నారు. అందులో 'గడువు' అనే ఒక్క మాటను సరిగ్గా పట్టుకోకపోతే ఎంత నష్టమో చూశారు. ఈ పాఠంలో అంతకంటే కొంచెం కష్టమైన కాగితాన్ని చదువుదాం. ఇది మన ప్రభుత్వం రాసినది కాదు, ఆస్ట్రేలియా ప్రభుత్వం రాసుకున్నది. అయినా మన ఊళ్లలో ఎన్నో కుటుంబాల బాగోగులు ఈ కాగితం మీద ఆధారపడి ఉన్నాయి.

ఆస్ట్రేలియాలో చదువు ముగించిన విదేశీ విద్యార్థులు కొంతకాలం అక్కడే ఉండి ఉద్యోగం చేసుకోవడానికి ఒక వీసా ఇస్తారు. దాన్ని తాత్కాలిక పట్టభద్రుల వీసా అంటారు. ప్రభుత్వ లెక్కల్లో దాని సంఖ్య 485. పిల్లలు ఫోన్లో 'ఫోర్ ఎయిటీ ఫైవ్' అంటే, ఇంట్లో పెద్దవాళ్లు 'వర్క్ వీసా' అంటారు. ఎవరు ఏ పేరుతో పిలిచినా, చదువుకు తెచ్చిన అప్పు తీర్చడానికి చాలామంది నమ్ముకున్నది ఈ వీసా మీద చేసే ఉద్యోగాన్నే.

ఈ వీసాకు అర్హతలు అనేకం. వాటిలో మొదటిది, ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది 'చదువు నియమం'. మన పాఠం ముఖ్యంగా దాని గురించే. ఈ పాఠం చదివాక మీరు,

– నియమాల భాషలో మామూలు మాటలకు ఉండే ప్రత్యేకార్థాలను గుర్తించగలుగుతారు;
– ఒక కోర్సు ఈ చదువు నియమానికి సరిపోతుందో లేదో కాగితం మీద లెక్క వేసి చెప్పగలుగుతారు;
– దరఖాస్తు గడువు ఏ తేదీన మొదలవుతుందో తెలుసుకుంటారు.

16.1 ఒకే మాట, రెండు అర్థాలు

ముందు మన పొలం గట్టు మీదికి వెళ్దాం. ఒక రైతు "నాకు రెండెకరాలుంది" అంటాడు. అతడు దున్నే నేల రెండెకరాలే. తాత నాటి నుంచి దున్నుతున్నదే. కానీ పాసుపుస్తకంలో ఎకరా ముప్పై అయిదు గుంటలే రాసి ఉంది. అతడు అప్పుకోసం బ్యాంకుకు వెళ్తే వాళ్లు దేన్ని చూస్తారు? పుస్తకంలో ఉన్నదాన్నే కదా! "నేను దున్నుతున్నానయ్యా, వచ్చి చూడండి" అంటే మేనేజరు జాలిపడవచ్చు గాని, అప్పు మాత్రం రాసి ఉన్న విస్తీర్ణానికే ఇస్తాడు.

చదువు నియమమూ ఇలాంటిదే. 'రెండేళ్లు చదివాను' అని మనం అన్నప్పుడు క్యాలెండరులోని రెండేళ్లు మన మనసులో ఉంటాయి. అక్కడ గడిపిన రోజులు, రాసిన పరీక్షలు, రాత్రిపూట హోటల్లో గిన్నెలు కడిగిన గంటలు, అన్నీ ఆ మాటలో ఉంటాయి. నియమానికి ఇవేవీ తెలియవు. దానికి తెలిసింది రిజిస్టరులో రాసిన వారాల సంఖ్య ఒక్కటే.

ఆ రిజిస్టరు ఏమిటో చూడండి. ఆస్ట్రేలియాలో విదేశీ విద్యార్థులకు చదువు చెప్పే ప్రతి సంస్థా, విద్యార్థి వీసా మీద వచ్చినవారికి బోధించే ప్రతి కోర్సూ ఒక కేంద్ర రిజిస్టరులో నమోదై ఉండాలి. దాన్ని పొడి అక్షరాల్లో క్రికోస్ అంటారు. 2000లో చేసిన విదేశీ విద్యార్థుల విద్యాసేవల చట్టం కింద ఇది నడుస్తోంది. ప్రతి కోర్సుకూ అందులో ఒక సంఖ్య, ఆ కోర్సు ఎన్ని వారాలో తెలిపే అంకె ఉంటాయి. ఈ రిజిస్టరును ఎవరైనా చూడవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు, ఎవరి సిఫారసూ అక్కరలేదు. కరపత్రంలో 'రెండేళ్ల కోర్సు' అని అచ్చువేసినా, కన్సల్టెన్సీవారు నోటితో చెప్పినా, మీరు చూడవలసింది ఆ అంకెనే. అన్ని 'రెండేళ్ల' కోర్సులకూ అది ఒకేలా ఉండదు.

16.2 నియమం ఏమంటుంది?

ఆస్ట్రేలియా 1994 వలస నిబంధనల్లో ఈ చదువు నియమం ఉంది. దాని సారాన్ని తెలుగులో కింద ఇస్తున్నాం. నెమ్మదిగా, ఒక్కొక్క మాట దగ్గర ఆగుతూ రెండుసార్లు చదవండి.

"దరఖాస్తుదారు ఆస్ట్రేలియా విద్యాసంస్థ ఇచ్చే డిగ్రీని గాని, డిప్లొమాను గాని, వృత్తి విద్యార్హతను గాని, ఒకటి లేదా అంతకంటే ఎక్కువ, పూర్తి చేసి ఉండాలి. ఆ కోర్సులు నమోదైన కోర్సులై ఉండాలి. వాటిని మొత్తం పదహారు క్యాలెండరు నెలలకు తగ్గని కాలంలో పూర్తి చేసి ఉండాలి. అవి మొత్తం రెండు విద్యా సంవత్సరాలకు తగ్గని చదువు ఫలితమై ఉండాలి. బోధన అంతా ఇంగ్లీషులో జరిగి ఉండాలి. చదివినంత కాలం విద్యార్థి, చదువుకు అనుమతించే వీసాతో, ఆస్ట్రేలియాలో ఉండి చదివి ఉండాలి."

గమనించారా? ఇందులో రెండు కాలపరిమితులు ఉన్నాయి. ఒకటి పదహారు నెలలు, ఇంకొకటి రెండు విద్యా సంవత్సరాలు. ఒకే వాక్యంలో రెండూ కనిపిస్తే "రెండేళ్లంటున్నారు, మళ్లీ పదహారు నెలలంటారేమిటి?" అని తికమక కలుగుతుంది. మొదటిది క్యాలెండరు లెక్క. రెండోది రిజిస్టరు లెక్క. రెండూ నెగ్గాలి. ఒకటి ఎక్కువుందని రెండోదాన్ని వదిలిపెట్టరు.

ఒక విద్యా సంవత్సరం అంటే 46 వారాలని ప్రభుత్వం నిర్ణయించింది. అంటే రెండు విద్యా సంవత్సరాలు 92 వారాలు. మన పాఠానికి పేరు వచ్చింది ఇక్కడి నుంచే.

16.3 వారాల లెక్క

ఇప్పుడు ఒక అమ్మాయిని ఊహించుకుందాం. కరీంనగర్ దగ్గరి పల్లె ఆమెది. హైదరాబాదులో బి.టెక్. చదివింది. తండ్రి రెండెకరాల కాగితాలు బ్యాంకులో పెట్టి, అప్పు తెచ్చి ఆమెను మెల్‌బోర్న్ పంపించాడు. ఆమె చేరింది రెండేళ్ల మాస్టర్స్ కోర్సులో. పదహారు సబ్జెక్టులు. రిజిస్టరులో 104 వారాలు. 92 కంటే 12 వారాలు ఎక్కువే ఉంది కాబట్టి చింత లేదు.

చేరిన కొత్తలో విశ్వవిద్యాలయంవారు ఆమెకు ఒక శుభవార్త చెప్పారు. బి.టెక్.లో చదివిన రెండు సబ్జెక్టులు ఇక్కడి రెండింటితో సరిపోతున్నాయి కాబట్టి అవి మళ్లీ చదవనక్కరలేదన్నారు. దీన్ని 'క్రెడిట్' అంటారు. మనం మినహాయింపు అందాం. ఆమె ఆ రాత్రే ఇంటికి ఫోను చేసింది.

"బాపూ, రెండు సబ్జెక్టుల ఫీజు మిగిలింది."

"మంచిదే బిడ్డా. చదివిందే మళ్లెందుకు చదువుడు?"

తండ్రి మాటలో తప్పేముంది? ఎవరైనా అదే అంటారు. ఆ డబ్బు విలువ ఆ ఇంటికి తెలుసు. కాని లెక్క చూడండి.

పదహారు సబ్జెక్టులకు 104 వారాలు. సబ్జెక్టులన్నీ సమానమైతే ఒక్కొక్కదానికి ఆరున్నర వారాలు. రెండు సబ్జెక్టులకు 13 వారాలు. 104లో నుంచి 13 తీసేస్తే మిగిలేది 91.

కావలసింది 92. ఒక్క వారం తక్కువ.

ఈ మినహాయింపు వచ్చింది ఇండియాలో చదివిన చదువుకు. అది ఆస్ట్రేలియాలో చదివిన చదువు కాదు. అందుకని ఆ భాగం 92 వారాల్లోకి రాదు. ఆ అమ్మాయి మిగిలిన పద్నాలుగు సబ్జెక్టుల్లోనూ మొదటి శ్రేణిలో ఉత్తీర్ణురాలైనా అది మారదు. మార్కులు ఈ లెక్కలోకి రావు. ఒకవేళ ఆమె మినహాయింపు ఒక్కదానికే ఒప్పుకొని ఉంటే 97 వారాలన్నర మిగిలేది. సరిపోయేది.

ఇక్కడ ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. విదేశీ విద్యార్థులకు బోధించే సంస్థలు పాటించవలసిన నియమావళి (2018) ప్రకారం, సంస్థ మినహాయింపు ఇస్తున్నట్లు రాతపూర్వకంగా తెలపాలి, విద్యార్థి ఒప్పుకోలు తీసుకోవాలి. దానివల్ల కోర్సు కాలం తగ్గితే ఆ తగ్గిన కాలాన్ని నమోదు ధ్రువపత్రంలో చూపాలి. అంటే మీ సంతకం లేకుండా ఇది జరగదు. ఆ కాగితం మీ ముందుకు వచ్చినప్పుడు ఆగండి. పెన్ను తీసేముందు పైన చేసిన లెక్కను మీ కోర్సుకు చేసి చూడండి. "నాకు మినహాయింపు వద్దు, అన్నీ చదువుతాను" అని చెప్పుకోవచ్చు. అప్పుడు రెండు సబ్జెక్టుల ఫీజు కట్టవలసి వస్తుంది, నిజమే. ఆ ఫీజు ఒక పక్క, మూడేళ్లు ఉద్యోగం చేసుకునే వీలు ఇంకొక పక్క. ఏది బరువో ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి గాని, తెలియక పోగొట్టుకోకూడదు.

మినహాయింపు సంగతి ఇలా ఉండగా, దీనికి తలకిందులుగా జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. ఏడాదిన్నర కోర్సు, అంటే 78 వారాలది, తీసుకున్న అబ్బాయి రెండు సబ్జెక్టులు తప్పాడనుకోండి. మళ్లీ కట్టి, మళ్లీ చదివి, మొత్తం రెండేళ్లలో గట్టెక్కాడు. "కోర్సు చిన్నదైనా నేను రెండేళ్లు ఉన్నాను కదా, సరిపోతుంది" అనుకుంటాడు. సరిపోదు. తప్పిన సబ్జెక్టును రెండుసార్లు చదివినా ఒక్కసారే లెక్కిస్తారు. అతడి కోర్సు మొదటిరోజున 78 వారాలే, చివరిరోజునా 78 వారాలే. పొలం ఎన్నిసార్లు దున్నినా విస్తీర్ణం పెరగదు కదా!

ఇంగ్లీషు భాష కోసం చదివే ముందస్తు కోర్సులు కూడా ఈ లెక్కలోకి రావు. ఇరవై వారాలు ఇంగ్లీషు కోర్సు చదివి, తరవాత 78 వారాల మాస్టర్స్ చేస్తే 98 అయిందని సంబరపడకూడదు. అది 78 మాత్రమే. పునాది కోర్సులు, ప్రవేశానికి సిద్ధం చేసే కోర్సులు కూడా అంతే.

మరి ఏడాదిన్నర కోర్సు చదివినవారికి దారే లేదా? ఉంది. నియమంలో 'ఒకటి లేదా అంతకంటే ఎక్కువ' అన్న మాట ఉంది, వెనక్కి వెళ్లి చూడండి. రెండు నమోదైన కోర్సుల వారాలను కలుపుకోవచ్చు. అయితే డిగ్రీ చదివినవారికి ఇచ్చే విభాగంలో దరఖాస్తు పెట్టేవారు ఆ విభాగానికి ఒప్పుకున్న స్థాయి చదువులనే కలుపుకోవాలి. ఒకే సబ్జెక్టును రెండు కోర్సుల్లో చూపి రెండుసార్లు లెక్కించుకోకూడదు. ఇది డబ్బు ఖర్చయ్యే దారి. మొదటే 92 దాటిన కోర్సు ఎంచుకున్నవారికి ఈ బాధ ఉండదు.

పాఠగత ప్రశ్నలు 16.1

1. ఒక కోర్సు 96 వారాలకు నమోదై ఉంది. అందులో 12 సమాన సబ్జెక్టులు. ఇండియాలో చదివిన చదువుకు ఒక సబ్జెక్టు మినహాయింపు వచ్చింది. చదువు నియమం నెగ్గుతుందా?

2. 'రెండేళ్లు' అనే మాటకు వాడుకలోని అర్థానికీ, నియమంలోని అర్థానికీ తేడా ఏమిటి?

(జవాబు రాసిన తరవాతే పాఠం చివర చూడండి.)

16.4 పదహారు నెలలు, ఆస్ట్రేలియా గడ్డ

ఇక క్యాలెండరు లెక్క. ఇది చాలామందికి చిక్కుపెట్టదు. ఫిబ్రవరిలో చేరి మరుసటి ఏడాది నవంబరులో ముగించినవారు దాదాపు ఇరవై ఒక్క నెలలు చదివినట్లు. "రెండేళ్లు నిండలేదే" అని కొందరు భయపడతారు. భయం అక్కరలేదు. రిజిస్టరులో 92 వారాలకు తగ్గకుండా ఉండి, క్యాలెండరులో పదహారు నెలలు దాటితే చాలు. సెలవుల్లో కూడా సబ్జెక్టులు తీసుకుని పరుగెత్తేవాళ్లు మాత్రం చూసుకోవాలి. 104 వారాల కోర్సును పదిహేను నెలల్లో ముగిస్తే తెలివైనవాడని పేరు రావచ్చు గాని, నియమం ఒప్పుకోదు.

'ఆస్ట్రేలియాలో ఉండి' అన్న మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. కరోనా కాలంలో, 2020 మార్చి 20న ఆ దేశం సరిహద్దులు మూసింది. 2021 డిసెంబరు 15న విద్యార్థులకు మళ్లీ తెరిచింది. ఆ మధ్యకాలంలో ఇక్కడ మన ఇళ్లలో కూర్చుని, తెల్లవారుజామున లేచి తరగతులు విన్న పిల్లలు ఎందరో. వాళ్లకు అప్పట్లో ప్రత్యేకంగా సడలింపు ఇచ్చి ఆ చదువునూ లెక్కలోకి తీసుకున్నారు. ఆ సంగతి విన్నవాళ్లు ఇప్పుడు కూడా "ఒక సెమిస్టరు ఇంటి నుంచి చదివితే ఏం?" అంటుంటారు. ఆ సడలింపు ఆ కాలానిది. ఇప్పుడు హైదరాబాదులో ఉండి ఆన్‌లైనులో చదివిన భాగం ఈ నియమంలోకి రాదు. చెల్లి పెళ్లికి సెలవుల్లో వచ్చి వెళ్లడం వేరు, ఇక్కడ ఉండి సెమిస్టరు చదవడం వేరు.

అక్కడే ఉన్నా, కోర్సు మొత్తంలో మూడోవంతు కంటే ఎక్కువ భాగాన్ని విదేశీ విద్యార్థికి ఆన్‌లైనులో గాని, దూరవిద్యగా గాని చెప్పకూడదని ఇందాక చెప్పుకున్న నియమావళే అంటోంది. దూరవిద్యలోనే చదువుతున్న మీకు ఇది వింతగా తోచవచ్చు. అక్కడి వీసా తరగతిగదిలో కూర్చునే చదువుకు ఇచ్చేది. అంతే తేడా.

16.5 'పూర్తి' అంటే ఎప్పుడు?

ఈ పాఠంలో కష్టమైన భాగం ఇదే. జాగ్రత్తగా చదవండి.

మన ఇళ్లలో చదువు ఎప్పుడు పూర్తయినట్లు? పట్టా చేతికి వచ్చి, అద్దం కట్టించి గోడకు తగిలించినప్పుడు. లేదా స్నాతకోత్సవంలో నల్లగౌను వేసుకుని ఫొటో దిగినప్పుడు. నియమం అలా అనదు. పట్టా పొందడానికి కావలసిన చదువు అర్హతలన్నీ సాధించిన రోజునే కోర్సు 'పూర్తి' అయినట్లు. స్నాతకోత్సవం, పట్టా ప్రదానం ఆ అర్హతల్లో భాగం కావని నిబంధనలోనే విడిగా రాశారు. మామూలుగా చెప్పాలంటే, ఆఖరి ఫలితాలు ఖరారై 'మీరు అన్నీ పూర్తిచేశారు' అని సంస్థ తేల్చిన తేదీ అది. చివరి పరీక్ష రాసిన రోజు కాదు, గౌను వేసుకున్న రోజు కాదు.

ఎందుకింత పట్టింపు? దరఖాస్తు పెట్టే రోజుకు ముందున్న ఆరు నెలల్లోపు మీరు చదువు నియమాన్ని నెగ్గి ఉండాలి. కాబట్టి ఆ 'పూర్తి' తేదీ నుంచే గడువు నడుస్తుంది.

ఉదాహరణకు, ఒకరి ఫలితాలు 2025 నవంబరు 28న ఖరారయ్యాయి అనుకుందాం. స్నాతకోత్సవం 2026 జూన్‌లో పెట్టారు. అమ్మానాన్నలు అప్పటికి వస్తామన్నారు. పట్టా చేతికి వచ్చాకే దరఖాస్తు పెడదామని ఆ విద్యార్థి ఆగాడు. అమ్మ కొత్త చీర కొనుక్కుంది, నాన్న తొలిసారి విమానం ఎక్కాడు, ఫొటోలు బాగా వచ్చాయి. కాని మే నెలాఖరులోనే గడువు వెళ్లిపోయింది. వెళ్లిపోయిన గడువును పట్టా చూపించి వెనక్కి తెచ్చుకోవడం కుదరదు.

తొందరపాటూ ప్రమాదమే. చివరి పరీక్ష బాగా రాశానన్న ధీమాతో ఫలితం ఖరారు కాకముందే దరఖాస్తు పెడితే, ఆ రోజుకు చదువు 'పూర్తి' కాలేదు కాబట్టి అదీ చెల్లదు. కట్టిన ఫీజు తిరిగి రాదు. ఈ రెండు తప్పుల మధ్య ఉన్నదే మీ కాలం.

కాబట్టి ఫలితాలు రాగానే చేయవలసిన మొదటి పని, సంస్థ నుంచి పూర్తి ధ్రువీకరణ లేఖ అడిగి తీసుకోవడం. అందులో కోర్సు పేరు, రిజిస్టరు సంఖ్య, చదువు మొదలైన తేదీ, పూర్తయిన తేదీ, ఏ ఊళ్లో చదివారు, ఏ భాషలో బోధించారు అన్నవి ఉండేలా చూసుకోండి. పూర్తయిన తేదీ అన్నచోట స్నాతకోత్సవం తేదీ వేసి ఇస్తే వెంటనే వెనక్కి ఇచ్చి సరిచేయించండి. లేఖతోబాటు మార్కుల పట్టిక కూడా ఉండాలి. మినహాయింపులు ఏమైనా ఉంటే ఆ పట్టికలో కనిపిస్తాయి. లెక్క దాచిపెట్టడం అనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే వదులుకోవాలి.

పాఠగత ప్రశ్నలు 16.2

3. 104 వారాల కోర్సును ఒకరు మినహాయింపులు లేకుండా 17 నెలల్లో ముగించారు. చదువు నియమం నెగ్గుతుందా?

4. ఒకరి ఫలితాలు 2025 జులై 10న ఖరారయ్యాయి. 2026 జనవరి 20న దరఖాస్తు పెట్టారు. ఇందులో పొరపాటు ఏమిటి?

16.6 చదువుతోబాటు చూడవలసినవి

చదువు నియమం నెగ్గినంత మాత్రాన వీసా రాదు. మిగిలినవాటిని క్లుప్తంగా చెప్పుకుందాం.

దరఖాస్తుకు ముందున్న ఆరు నెలల్లో మీకు విద్యార్థి వీసా ఉండి ఉండాలి. ఇంగ్లీషు పరీక్ష ఫలితం కావాలి. 2024 మార్చి 23 నుంచి ఐ.ఇ.ఎల్.టి.ఎస్.లో మొత్తం మీద 6.5, ఒక్కొక్క భాగంలో 5.5కు తగ్గకుండా ఉండాలన్నారు. పైగా ఆ పరీక్ష దరఖాస్తుకు ముందు ఏడాదిలోపు రాసినదై ఉండాలి. అంతకుముందు మూడేళ్ల వరకు పనికొచ్చేది. ఇక్కడ నుంచి బయలుదేరేటప్పుడు రాసిన పరీక్ష రెండేళ్ల చదువు అయ్యేసరికి పాతదైపోతుంది. మళ్లీ రాయక తప్పదు. ఆఖరి సెమిస్టరు పని ఒత్తిడిలో దీన్ని మరిచిపోయేవారు ఉంటారు.

ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసుల నుంచి ప్రవర్తన ధ్రువపత్రానికి అర్జీ పెట్టినట్లు రుజువును, తగిన ఆరోగ్య బీమా ఉన్నట్లు రుజువును దరఖాస్తుతోబాటే జతచేయాలి. 'తరవాత పంపుదాం' అనే మాట ఇక్కడ పనికిరాదు. పోలీసుల పత్రం చేతికి రావడం ఆలస్యమైతే ఫరవాలేదు. అర్జీ పెట్టినట్లు రుజువు మాత్రం ఆ రోజుకే ఉండాలి.

వయసు సంగతి. ఒకప్పుడు యాభై ఏళ్లలోపు వారందరికీ వీలుండేది. 2024 జులై 1 నుంచి చాలామందికి అది 35 ఏళ్లకు తగ్గింది. పరిశోధన మార్గంలో మాస్టర్స్, పిహెచ్.డి. చేసినవారికి మాత్రం పాత పరిమితి ఉంచారు. ఇక్కడ కొన్నాళ్లు ఉద్యోగం చేసి, పెళ్లయి, పిల్లలు పుట్టాక ముప్పై నాలుగో ఏట రెండేళ్ల కోర్సుకు బయలుదేరేవారు ఈ అంకెను విమానం టికెట్టు కొనకముందే చూసుకోవాలి. కోర్సు ముగిసేనాటికి వాళ్ల వయసు 36 అవుతుంది.

వీసా ఎన్నేళ్లు ఇస్తారు? ఇండియా, ఆస్ట్రేలియాల మధ్య 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందంలో మనవాళ్లకు కొంత మేలు జరిగింది. భారత పౌరులకు బ్యాచిలర్స్ డిగ్రీకి రెండేళ్ల వరకు, మాస్టర్స్‌కు మూడేళ్ల వరకు, పిహెచ్.డి.కి నాలుగేళ్ల వరకు ఇవ్వవచ్చు. 2023 జులైలో కొన్ని చదువులవారికి అదనంగా రెండేళ్లు ఇచ్చారు. 2024 జులైతో అది ఆగిపోయింది. అందుచేత "మా అన్నకు అయిదేళ్లు ఇచ్చారు" అని ఎవరైనా చెబితే అబద్ధమని కొట్టిపారేయకండి. అతడు ఏ సంవత్సరంలో దరఖాస్తు పెట్టాడో అడగండి. నియమం మారేది దరఖాస్తుదారుకు చెప్పి కాదు. సీనియర్ల అనుభవం వంట నేర్చుకోవడానికి, అద్దె ఇల్లు వెతుక్కోవడానికి బాగా పనికొస్తుంది. వీసా నియమాలకు మాత్రం ఆ దేశపు హోం వ్యవహారాల శాఖ ఆ రోజు ప్రకటించి ఉన్నదాన్నే చదవాలి.

కొత్త పదాలు

మినహాయింపు: ముందు చదివిన చదువును బట్టి ఒక సబ్జెక్టును మళ్లీ చదవనక్కరలేదని ఇచ్చే అనుమతి.
నమోదైన కోర్సు: ప్రభుత్వ రిజిస్టరులో చేర్చిన కోర్సు.
విద్యా సంవత్సరం: ఈ నియమంలో 46 వారాలు.
ఖరారు కావడం: ఇక మార్పు లేకుండా తేలిపోవడం.
స్నాతకోత్సవం: విశ్వవిద్యాలయం పట్టాలు ప్రదానం చేసే వేడుక.
సడలింపు: నియమాన్ని ప్రత్యేక కారణంతో కొంతకాలం వదులు చేయడం.

పాఠాంత ప్రశ్నలు

1. చదువు నియమంలో ఉన్న రెండు కాలపరిమితులను సొంత మాటల్లో వివరించండి. (పది వాక్యాలు)

2. 16.3లోని అమ్మాయి మీ అక్క అనుకోండి. మినహాయింపు కాగితం మీద ఆమె ఇంకా సంతకం పెట్టలేదు. తండ్రికి చదువు రాదు. అక్క తరఫున మీరు ఆయనకు ఈ లెక్కను ఎలా చెబుతారు? మీ ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే రాయండి.

3. పూర్తి ధ్రువీకరణ లేఖలో తేదీ తప్పుగా పడింది. సరిచేయమని కోరుతూ విద్యాసంస్థకు పంపవలసిన లేఖలో ఏయే వివరాలు ఉండాలో వరసగా రాయండి.

4. వాడుకలో ఒక అర్థం, కాగితం మీద ఇంకో అర్థం ఉన్న మాటలు మీ చుట్టుపక్కల ఇంకా ఏమున్నాయి? రేషను కార్డు, కరెంటు బిల్లు, భూమి కాగితాలు చూసి మూడు మాటలు పట్టుకోండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. నెగ్గదు. ఒక్కొక్క సబ్జెక్టుకు 8 వారాలు. ఒకటి తీసేస్తే 88 వారాలే మిగులుతాయి. 92కు 4 తక్కువ.

2. వాడుకలో రెండేళ్లంటే క్యాలెండరులో గడిచిన ఇరవై నాలుగు నెలలు. నియమంలో రిజిస్టరు ప్రకారం 92 వారాల చదువు. మొదటిది గడిచినా రెండోది నిండకపోవచ్చు.

3. నెగ్గుతుంది. వారాలు 92 దాటాయి, నెలలు 16 దాటాయి. మిగతా షరతులు, అంటే ఆస్ట్రేలియాలో ఉండి చదవడం వంటివి కూడా సరిగ్గా ఉండాలి.

4. ఆరు నెలల గడువు 2026 జనవరి 10తో ముగిసింది. దరఖాస్తు పది రోజులు ఆలస్యమైంది.